చేతిలో ఉండవలసిన పెట్టె

ప్రయాణం అనగానే మన ఇళ్లలో అందరి కళ్లూ అటక మీదికి పోతాయి. దుమ్ము దులిపి దించే పెట్టె ఎంత పెద్దదైతే అంత మంచిదని మనకు ఒక నమ్మకం. మా నాన్నగారి కాలంలో రేకు పెట్టె, దానితోపాటు హోల్డాలు. తర్వాత పెళ్లిళ్లలో సారెతోపాటు వి.ఐ.పి. సూట్‌కేసు వచ్చింది. ఇప్పుడు మన గ్రామాల్లో గల్ఫ్‌లోనో, హైదరాబాదులోనో, అమెరికాలోనో ఒక బిడ్డ లేని వీధి కనబడదు. పొలం తప్ప మరొకటి ఎరుగని తల్లిదండ్రులు కూడా రాజమండ్రిలోనో, గన్నవరంలోనో, శంషాబాదులోనో విమానం ఎక్కుతున్నారు. పెద్ద పెట్టెలు కౌంటరు దగ్గర ఇచ్చేసి, చేతిలో ఒక చిన్న పెట్టెతో లోపలికి వెళ్తారు. ఆ చిన్న పెట్టె గురించే ఈ వ్యాసం.

కూటాల నిమిత్తం నేను నెలకు రెండు మూడు సార్లు ప్రయాణం చేస్తాను. ఎక్కువగా బస్సు, రైలు, ఎప్పుడైనా విమానం. అందుచేత సంఘంలో ఎవరికి ప్రయాణం తగిలినా, "అయ్యగారూ, చిన్న పెట్టె ఏది కొనమంటారు? దానిలో ఏమి పెట్టమంటారు?" అని అడుగుతారు. ఒకసారి అలా అడిగినవారికి నేను తప్పు సలహా ఇచ్చాను. దాచుకోకుండా మొదట అదే చెబుతాను.

నేను చేసిన పొరపాటు

మా సంఘంలో ఒక రిటైర్డు మాస్టారు ఉన్నారు. చాలా ఏళ్లుగా చక్కెర వ్యాధి. రెండు పూటలా ఇన్సులిన్ తీసుకోవాలి. గల్ఫ్‌లో నర్సుగా పనిచేస్తున్న వారి అమ్మాయికి పురుడు దగ్గరపడింది. సెలవు దొరకక ఆమె ఇంటికి రాలేదు గనుక మాస్టారు దంపతులే బయలుదేరారు. అదే పట్టణంలో తెలుగువారి కూటాలకు నాకూ పిలుపు వచ్చింది. ముగ్గురం ఒకే విమానానికి టిక్కెట్లు తీసుకున్నాం.

ప్రయాణం ముందు రోజు వారి ఇంటికి వెళ్లాను. అమ్మగారు చిన్న పెట్టెలో జంతికలు, సున్నుండలు, పూతరేకులు సర్ది, ఒక మూలగా మందుల డబ్బా పెట్టారు. స్ప్రింగు త్రాసుకు తగిలిస్తే తొమ్మిది కిలోలు చూపించింది. అనుమతి ఏడు కిలోలే. నేను చొరవగా మందుల డబ్బా, డాక్టరు ఫైలు, సిరంజీలు తీసి తువాలులో చుట్టి పెద్ద పెట్టెలో పెట్టాను. రెండు చీరలు కూడా అందులోకే మార్చాను. "పూతరేకులు నలిగిపోతాయి, అవి చేతిలోనే ఉండనివ్వండి. మందులు పెద్ద పెట్టెలో భద్రంగా ఉంటాయి మాస్టారూ" అన్నాను. ఎక్కువ ప్రయాణాలు చేసినవాణ్ణి నేను, పైగా పాస్టరును. ఆయన మారు మాట్లాడలేదు.

అర్ధరాత్రి దిగాం. బెల్టు తిరుగుతూ ఉంది. రెండు పెట్టెలు వచ్చాయి, మూడోది రాలేదు. బెల్టు ఆగిపోయింది. మందులు ఉన్నది ఆ రాని పెట్టెలోనే.

కౌంటరులో ఫిర్యాదు వ్రాసుకుని, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి చేరుస్తామన్నారు. రాత్రి వేసుకోవలసిన మోతాదు అప్పటికే తప్పిపోయింది. అల్లుడుగారు తిన్నగా ఆసుపత్రికి తీసుకువెళ్లారు. డాక్టరు మొదటి ప్రశ్న: "ఏ రకం ఇన్సులిన్?" మాస్టారికి యూనిట్లు తెలుసు, పేరు తెలియదు. ఎప్పుడూ ఒకే కొట్టులో కొంటారు. కొట్టువాడు అడగకుండానే ఇస్తాడు. చీటీ పెద్ద పెట్టెలో ఉంది. చివరకు అమ్మగారు ఇంటికి ఫోను చేసి పక్కింటి కుర్రవాణ్ణి లేపారు. ఆ కుర్రవాడు మెడికల్ షాపు ఆయన్ని లేపాడు. ఆయన లుంగీతోనే కొట్టు తెరిచి బిల్లు పుస్తకం చూసి పేరు చదివాడు. తెల్లవారుతుండగా మందు దొరికింది. దేవుని దయవలన ఆపద తప్పింది.

పెట్టె మూడో రోజున వచ్చింది. ఆ ఇన్సులిన్ వాడవద్దన్నారు డాక్టరు. సామాను అరలో చలికి గడ్డకట్టి కరిగినా పైకి తెలియకపోవచ్చట. గడ్డకట్టిన ఇన్సులిన్ నమ్మదగినది కాదు. అమ్మగారు నన్ను ఒక్క మాట అనలేదు. పూతరేకుల డబ్బా మాత్రం వంటింట్లో మూత తియ్యకుండానే ఉంది. ఎందుకు తినలేదని అమ్మాయి అడిగితే, "ముట్టుకోబుద్ధి కావడం లేదే" అన్నారు. ఆ మాట నాకు తగలవలసిన చోటే తగిలింది.

చిన్న పెట్టె దేనికి?

ఆ రాత్రి తర్వాత నేను ఒక లెక్క పెట్టుకున్నాను. దానికి రెండు రోజుల లెక్క అని పేరు. పెద్ద పెట్టె రెండు రోజులు రాకపోయినా ఏది లేకపోతే మనకు గడవదో అది చిన్న పెట్టెలో ఉండాలి. ఏది లేకపోయినా గడుస్తుందో అది పెద్ద పెట్టెలో ఉండవచ్చు. పూతరేకులు నలిగితే నలుగుతాయి.

ఈ లెక్క ప్రకారం చేతిలో ఉండవలసినవి పెద్దగా ఏమీ లేవు. మందులు, డాక్టరు చీటీ, కళ్లజోడు, వినికిడి యంత్రం ఉంటే అది, పాస్‌పోర్టు, టిక్కెట్టు, డబ్బు, నగలు, ఇంటి తాళాలు, ఫోను ఛార్జరు, ఒక జత బట్టలు, చంటిబిడ్డ ఉంటే పాలడబ్బా. వీటితోపాటు ఒక కాగితం మీద దిగవలసిన చోటు అడ్రసు, ఇద్దరు ముగ్గురి ఫోను నంబర్లు, మందుల పేర్లు వ్రాసి పెట్టండి. అన్నీ ఫోనులోనే ఉన్నాయి అనుకోకండి. ఛార్జింగు అయిపోయిన ఫోను రాతిపలకతో సమానం.

ఇవన్నీ కలిపినా నాలుగు కిలోలకు మించవు. కాబట్టి పెట్టె కొనేటప్పుడు ఎన్ని పడతాయి అని కాదు, కావలసినది వెదకకుండా చేతికి వస్తుందా అని చూడాలి.

కొలత, బరువు

మన దేశంలో విమానాల్లో సాధారణ తరగతివారికి చేతి పెట్టె బరువు సాధారణంగా ఏడు కిలోలు. ఇండిగోవారి కొలత 55 సెంటీమీటర్ల ఎత్తు, 35 వెడల్పు, 25 మందం. ఖతార్ ఎయిర్‌వేస్‌వారిది 50, 37, 25. అంటే ఇక్కడ సరిపోయిన పెట్టె అక్కడ అయిదు సెంటీమీటర్లు ఎక్కువ కావచ్చు. దారిలో విమానం మారవలసి ఉంటే రెండు టిక్కెట్లూ చూసి, తక్కువ కొలత ఏదో దానికి సరిపోయేది కొనండి. నియమాలు మారుతుంటాయి గనుక బయలుదేరే ముందు టిక్కెట్టు ఇచ్చిన వారిని అడగడం మంచిది.

కొట్టులో చీటీ మీద అంకె చూసి కొనవద్దు. కొందరు పెట్టె లోపలి కొలత వేస్తారు. విమానంవారు చక్రాలు, పిడి కలిపి కొలుస్తారు. టైలరు టేపు జేబులో పెట్టుకువెళ్లి, నేల నుంచి పిడి పైభాగం దాకా మీరే కొలవండి.

బరువు సంగతి అంతకంటె ముఖ్యం. ఖాళీ పెట్టే మూడున్నర కిలోలు తూగితే మీకు మిగిలేది మూడున్నర. ఖాళీది రెండున్నర కిలోలకు మించకుండా చూడండి. ఇంటి దగ్గర వందో రెండు వందలో పెట్టి ఒక చిన్న స్ప్రింగు త్రాసు కొనుక్కుంటే విమానాశ్రయంలో నేల మీద కూర్చుని పెట్టె విప్పే అవస్థ తప్పుతుంది.

మెత్తనిదా, గట్టిదా?

ఇప్పుడు రెండు రకాలు వస్తున్నాయి. ఒకటి ప్లాస్టిక్ జాతి గట్టి పెట్టె, రెండు దళసరి గుడ్డతో చేసిన మెత్తని పెట్టె.

గట్టి పెట్టెకు వాన తగలదు, తుడిస్తే శుభ్రమవుతుంది, సీసా ఉంటే పగలదు. అయితే అది చాలావరకు పుస్తకంలాగ మధ్యకు రెండుగా తెరుచుకుంటుంది. రైలు బెర్తు మీద, పదిమంది పడుకున్న గదిలో అలా పరచి తెరవడానికి చోటు ఎక్కడిది? ఒక మాత్ర కోసం బట్టలన్నీ బయటపెట్టాలి. మెత్తని పెట్టెకు పైన మూత, బయట అరలు ఉంటాయి. నిలబెట్టి ఉండగానే చెయ్యి పెట్టి కావలసినది తీయవచ్చు. తరచుగా తిరిగేవారికి, వేళకు మందు వేసుకోవలసినవారికి మెత్తనిదే మేలని నా అనుభవం. వానాకాలంలో ఒక ప్లాస్టిక్ తొడుగు వేస్తే సరి.

గట్టిదే కావాలంటే బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. కాస్త వంగి తిరిగి నిలబడే పాలీకార్బొనేట్ దెబ్బకు తట్టుకుంటుంది. ఏ.బి.ఎస్. అనే రకం చౌక, కాని దెబ్బ తగిలితే పగులు తీసే స్వభావం ఎక్కువ.

చక్రాలు

పెట్టెకు చక్రాలు వచ్చి ఎంతో కాలం కాలేదు. మనిషి చంద్రుని మీద కాలు పెట్టింది 1969లో. అమెరికాలో బెర్నార్డ్ శాడో చక్రాల సూట్‌కేసుకు పేటెంటు పొందింది 1972లో. దానిని పట్టీతో లాగేవారు. నిలబెట్టి, పొడుగు పిడితో లాగే పెట్టెను 1987లో తయారుచేసినవాడు రాబర్ట్ ప్లాత్ అనే విమానం పైలట్. తరచుగా ప్రయాణం చేసేవాడు తన అవసరం కోసం చేసుకున్న వస్తువు గనుకనే అది అందరికీ పనికివచ్చింది.

నాలుగు చక్రాల పెట్టె నున్నని నేల మీద వేలితో తోస్తే పోతుంది. చేతి మీద బరువు పడదు గనుక విమానాశ్రయంలో పెద్దవారికి సుఖం. కాని మన బస్టాండు కంకర మీద, గ్రామం రోడ్డు మీద ఆ చిన్న చక్రాలు ఇరుక్కుపోతాయి. రైలులో నిలబెడితే కుదుపుకు తనంతట తానే నడిచిపోతుంది. రెండు చక్రాల పెట్టెకు చక్రాలు కొంత లోపలికి ఉంటాయి, సాధారణంగా పెద్దవి, గతుకుల్లో లాగవచ్చు. ఎక్కువ ప్రయాణం ఎక్కడో మీరే ఆలోచించుకోండి. మోకాళ్ల నొప్పులున్న అమ్మకు నాలుగు చక్రాలు. ఆటో దిగి అరమైలు నడవవలసిన నా వంటివాడికి రెండు.

కొట్టులో చేయవలసిన పరీక్షలు

కొట్టువాడు ఏమనుకుంటాడో అని మొహమాటపడవద్దు. జిప్పు మూలల దగ్గర నుంచి పదిసార్లు లాగి చూడండి. మూలలో పట్టేస్తే ఆ పెట్టె వద్దు. పెట్టెకు ముందుగా చెడేది జిప్పే. పిడి పూర్తిగా పైకి లాగి అటూ ఇటూ ఊపండి. కొంచెం కదలడం సహజం, గలగలలాడకూడదు. పై పిడి, పక్క పిడి కుట్టు దగ్గర రెండు వరుసలు ఉన్నాయో లేదో చూడండి. కొట్టు బయటికి తీసుకువెళ్లి రోడ్డు మీద ఇరవై అడుగులు లాగండి.

ఆఖరి పరీక్ష అన్నిటికంటె ముఖ్యం. పెట్టెలో ఏడు కిలోల బరువు వేయించి, దానిని మోయబోయే మనిషి చేతనే తలమీదికి ఎత్తించండి. విమానంలో చేతి పెట్టె పెట్టే అర తలకు పైన ఉంటుంది. కొడుకు కొనిచ్చిన పెట్టెను తల్లి ఎత్తలేకపోతే ఏమి లాభం? ఎత్తలేనివారికి ముందు సీటు కింద పట్టే చిన్న సంచీ చాలు.

అరలు ఎన్ని ఉండాలి?

ఇరవై అరలు ఉన్న పెట్టెను చూసి మురిసిపోకండి. అరలు ఎక్కువైన కొద్దీ వెదుకులాట ఎక్కువ. ఏ అరలో పెట్టామో మరచిపోయే పెట్టెకంటె ఒకే అర ఉన్న గోనెసంచి మేలు. బయట ఒక అర, లోపల బట్టలు కదలకుండా పట్టీలు, మూతకు ఒక వల అర ఉంటే చాలు.

మిగిలిన ఏర్పాటు మన చేతిలో ఉంది. మా ఊరి టైలరు దగ్గర మిగిలిన జాకెట్టు ముక్కలతో నాలుగు చిన్న జిప్పు సంచులు కుట్టించాను. ఎర్రది మందులకు, నీలంది కాగితాలకు, పసుపుది ఛార్జరు, తీగలకు, తెల్లది బట్టలకు. చీకటి బస్సులో కూడా చెయ్యి పెడితే ఏది ఏదో తెలియడానికి ఎర్ర సంచికి ఒక గుండీ కుట్టించాను. బరువైనవి చక్రాల వైపు, తెల్లసంచి మధ్యలో, ఎర్రసంచి అన్నిటికీ పైన.

ఎర్రసంచి పైనే ఉండాలనడానికి ఒక కారణం ఉంది. విమానం నిండిపోయినప్పుడు తలుపు దగ్గర చేతి పెట్టెలను కూడా తీసుకుని కిందికి వేస్తారు. అప్పుడు మీకు దొరికే సమయం అర నిమిషం. ఒక్క లాగుతో మందులు, కాగితాలు బయటికి వచ్చి మీ భుజం సంచిలోకి మారాలి. ఆ అర నిమిషంలో బయటపడేదే చక్కగా సర్దిన పెట్టె.

ఇన్సులిన్, సిరంజీలు డాక్టరు చీటీతో లోపలికి తీసుకువెళ్లవచ్చు. తనిఖీవారికి ముందుగానే చూపించండి. మందులను వాటి సొంత అట్టపెట్టెల్లోనే ఉంచండి. చీటీ లేని మాత్రలు పొట్లం కట్టి తీసుకువెళ్లవద్దు. మన దగ్గర దొరికే కొన్ని నొప్పి మాత్రలు, దగ్గు మందులు గల్ఫ్ దేశాల్లో నిషేధం.

చేతి పెట్టెలో ఉండకూడనివి

కత్తి, కత్తెర, బ్లేడు పనికిరావని అందరికీ తెలుసు. తెలియనివి కొన్ని చెబుతాను.

విదేశీ ప్రయాణంలో నీరు, నూనె, షాంపూ, పెరుగు వంటివి ఒక్కొక్క సీసా 100 మిల్లీలీటర్లకు మించకూడదు. అన్నీ కలిపి లీటరు పట్టే ఒక పారదర్శకమైన సంచిలో పెట్టాలి. 2006లో బ్రిటన్‌లో ద్రవ పేలుడు పదార్థాల కుట్ర బయటపడిన తర్వాత వచ్చిన నియమం ఇది. కొన్ని విమానాశ్రయాల్లో సడలిస్తున్నా, మీరు మారే ప్రతిచోటా అలా ఉంటుందని అనుకోకండి. అవసరమైన మందులకు, బిడ్డ పాలకు మినహాయింపు ఉంది.

కారంతో పెట్టిన పచ్చళ్లు చేతి పెట్టెలో ఒప్పుకోరు. వాటిని గట్టిగా మూసి పెద్ద పెట్టెలో పెట్టండి. ఎండు కొబ్బరి నూనెగలది, తేలికగా అంటుకుంటుంది గనుక విమానంలో దానిని అనుమతించరు.

గసగసాలు! ఇది ప్రతి తల్లీ గుర్తుంచుకోవాలి. మనకు మసాలా దినుసు. ఎమిరేట్సు, సౌదీ వంటి దేశాల్లో మాదకద్రవ్యాల లెక్క. కూతురికి కూరపొడి పంపినా అందులో గసగసాలు ఉండకూడదు.

పవర్ బ్యాంకు సంగతి దీనికి తలక్రిందులు. అది పెద్ద పెట్టెలో ఉండకూడదు, చేతిలోనే ఉండాలి. అంటుకుంటే కనబడేచోట ఉండాలన్నది ఉద్దేశం. 100 వాట్ అవర్ల లోపుది అనుమతిస్తారు. చేతి పెట్టెను తలుపు దగ్గర తీసుకుంటే దానినీ బయటికి తీసుకోవాలి.

అన్నిటికంటె ప్రమాదమైనది ఇతరులు ఇచ్చిన పొట్లం. "మా తమ్ముడికి ఈ చిన్న ప్యాకెట్టు ఇవ్వండి, అక్కడ వచ్చి తీసుకుంటాడు" అంటారు. లోపల ఏముందో మీరు విప్పి చూడనిది మీ పెట్టెలోకి రానివ్వకండి. అక్కడి పోలీసులకు పెట్టె ఎవరి చేతిలో ఉంటే సరుకు వారిదే. మొహమాటం వల్ల పరాయి దేశపు జైలుపాలైనవారు ఉన్నారు.

పెట్టె ఎప్పుడూ సిద్ధంగా

తరచుగా తిరిగేవారు ప్రతిసారీ కొత్తగా సర్దుకోనక్కరలేదు. సబ్బు, పళ్లపొడి, దువ్వెన, చిన్న తువాలు పెట్టెకు వేరుగా కొని అందులోనే ఉంచండి. మూత లోపల ఒక కాగితం మీద జాబితా వ్రాసి అంటించండి. ఊరినుంచి రాగానే వాడినవి తిరిగి పెట్టి, అప్పుడే పెట్టె లోపల దాచండి. మందుల మీద గడువు తేదీ మూడు నెలలకొకసారి చూడండి. పెట్టె బయట పేరు, ఫోను నంబరు చాలు. అదే లోపల కూడా వ్రాసి పెట్టండి, బయటి చీటీ ఊడిపోవచ్చు.

పెద్ద పెట్టె రాకపోతే విమానాశ్రయం దాటకముందే ఫిర్యాదు వ్రాయించి, దాని నకలు తీసుకోండి. నకలు నీలిసంచిలో పెట్టండి.

ఎంతో దూరం తిరిగిన పౌలు కూడా త్రోయలో కర్పు ఇంట వదిలివచ్చిన అంగీని, పుస్తకాలను, ముఖ్యంగా చర్మపు కాగితాలను తెమ్మని తిమోతికి వ్రాశాడు. చలికాలం ముందే రమ్మన్నాడు. ప్రయాణికుడికి ఏది లేకపోతే గడవదో ఆయనకు తెలుసు. ఆ జాబితా ఎంత చిన్నదో చూడండి.

మాస్టారు మనుమణ్ణి ఎత్తుకుని తిరిగివచ్చారు. కిందటి నెలలో మళ్లీ ప్రయాణం పడింది. సాగనంపడానికి వెళ్లాను. నన్ను చూడగానే అమ్మగారు చిన్న పెట్టె మూత తీసి, పైనున్న ఎర్రసంచి చూపించి, నవ్వుతూ అన్నారు: "అయ్యగారూ, ఈసారి మీరు సర్దనక్కరలేదు."

నిజమే. ఈసారి నేను త్రాసు మాత్రం పట్టుకున్నాను. ఆరు కిలోల రెండు వందలు.